పై దొన తల్లులు

అది వరద వచ్చిన ఏడాది. వరదలు అంతకుముందూ వచ్చాయి, తరువాతా వచ్చాయి. కానీ మా దగ్గర వరద ఏడాది అంటే ఆ ఒక్కటే. దసరాకు ముందు వాన పట్టుకుని వదలక, చెరువుల కట్టలు తెగి, ఆఫీసుల సెల్లార్లలో కార్లు తేలి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఏడాది. రోగానికి భయపడి ఆఫీసులకు మనుషులు రావడం మానేసింది కూడా ఆ ఏడాదే.

అప్పుడు నేను గచ్చిబౌలిలో ఒక గుట్టకు కాపలా ఉన్నాను. చిన్న గుట్ట. ఏనుగులు పడుకున్నట్టు కొన్ని గుండ్లు, వాటన్నిటి మీద ఎవరో ఎత్తిపెట్టినట్టు ఒక పెద్ద గుండు. ఆ జాగా ఎవరిదన్నది తేలక ఏళ్ళ తరబడి అలా ఉండిపోయింది. కింద రేకుల గదిలో నేనూ, నా భార్య సత్తెమ్మ. మేము రాయి కొట్టి బతికినవాళ్ళం. మా నాయన కొట్టాడు, నేను కొట్టాను. చేతులు వణకడం మొదలయ్యాక సుత్తి పక్కన పెట్టి కాపలాకు కుదిరాను.

"పుట్టినప్పటి నుంచి రాళ్ళు పగలగొట్టినోడు రాళ్ళకు కావలుంటడంట. గవి నిన్ను జూసి ఎంత పరేషాన్ అయితున్నయో, జర దూరం కూసో," అనేది సత్తెమ్మ. నేను నవ్వేవాణ్ణి. మాట్లాడడం నాకు మొదటి నుంచీ తక్కువ. మాట్లాడేదంతా ఆమే మాట్లాడేది.

గుట్టకు అటొకటి ఇటొకటి అద్దాల భవనాలు ఎదురెదురుగా నిలబడి ఉండేవి. ఎండ పడితే గుట్ట ఒక అద్దంలో కనిపించేది. ఆ అద్దంలోని గుట్ట ఎదుటి అద్దంలో కనిపించేది. అందులోది మళ్ళీ ఇందులో. లోపలికి పోయేకొద్దీ గుట్ట చిన్నదై, పచ్చబడి, కొద్దికొద్దిగా వంకరపోయి, ఆఖరుకు గుట్టో మబ్బో తెలియకుండా పోయేది. ఆ ఏడాది లోపల మనుషులు లేరు. అయినా సాయంత్రమైతే దీపాలు వాటంతట అవే వెలిగేవి. దీపాల మధ్య మా గుట్ట నీళ్ళలో ఉన్నట్టు తేలేది. ఆ నీళ్ళ అడుగున మేమిద్దరం అన్నం తినేవాళ్ళం.

వానాకాలం మొదట్లో ఒక పిల్ల వచ్చింది. భుజాన సంచి, చేతిలో గుడ్డ వల కట్టిన చిన్న కర్ర. ముఖానికి గుడ్డ.

"తాతగారూ, కాస్త పైకి ఎక్కనిస్తారా అండి? అక్కడ దొనలో నీళ్ళున్నాయి కదా, అవి చూడాలి."

రాతిలో వాన నీళ్ళు నిలిచే గుంటను దొన అంటారు. ఆ మాట ఒక చదువుకునే పిల్ల నోట విని గేటు తీశాను. పేరు నీహారిక. వాళ్ళది కోస్తా వైపు ఊరు, ఇల్లు మియాపూర్‌లో, తండ్రికి ప్రభుత్వ ఉద్యోగం. ఆమె యూనివర్సిటీలో నీటి పురుగుల మీద పరిశోధన చేస్తోంది. ఈ గుట్ట మీదికి వానాకాలం వచ్చినప్పుడల్లా వచ్చి పోతోందట. నాకంటే ముందు ఇక్కడ ఉన్న కాపలావాడు ఎక్కనిచ్చేవాడట.

సత్తెమ్మ గదిలోంచి వచ్చి ఎగాదిగా చూసింది. "నీళ్ళు కావాల్నంటే బోరింగ్ ఉన్నది గద బిడ్డా. గా పాచి నీళ్ళేం జేస్కుంటవ్?"

"నీళ్ళు కాదు మామ్మగారూ, అందులో ఉన్నవాళ్ళ కోసం."

"మామ్మేంది, అవ్వ అను. అండ్ల ఎవలున్నరే?"

పిల్ల ఒక చుక్క నీళ్ళు గాజుబిళ్ళ మీద వేసి, జానెడు పొడవున్న యంత్రం ఒకటి నూనె డబ్బా మీద నిలబెట్టి, సత్తెమ్మను చూడమంది. సత్తెమ్మ కన్ను పెట్టి చాలాసేపు లేవలేదు. ఆ తరువాత నేను చూశాను.

ఒక ప్రాణి. ఒంటి నిండా వెలుతురు. గాజుతో చేసి ఊపిరి ఊదినట్టుంది. లోపల గుండె టపటపా కొట్టుకుంటోంది. తల మీద ఒకటే నల్లని కన్ను. వీపు లోపల ఒక సంచి, సంచిలో పిల్లలు. ఆ పిల్లలకూ కళ్ళున్నాయి. తల్లి కడుపులోంచే అవి నన్ను చూస్తున్నాయి. నేను తల తీసి బయటికి చూస్తే ఎదుటి భవనం అద్దాల వెనుక మబ్బులు పోతున్నాయి. ఆ భవనం కూడా కాసేపు అలాగే, లోపల ఏదో కదులుతున్నట్టుగా కనిపించింది.

అప్పటి నుంచి ఆ పిల్ల వచ్చినప్పుడల్లా ఒక కథలా చెప్పేది. గుట్ట మీద రెండు దొనలున్నాయి. ఒకటి పెద్ద గుండు నెత్తిన. దానికి వాన తప్ప ఇంకో నీరు రాదు. రెండోది కింద, వరద నీళ్ళు పోయే నాలా పక్కన. కింద దొనలో పురుగుల్లో ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి. పై దొనలో మాత్రం అన్నీ తల్లులే. మగ అన్నది లేదు. తల్లి తనంతట తాను కూతుర్ని కంటుంది. ఆ కూతురు తనంతట తాను ఇంకో కూతుర్ని కంటుంది.

"ఎప్పుడో ఒక పిట్ట కాలికి అంటుకుని ఒక్కతే వచ్చి ఉంటుంది అవ్వా. ఆ ఒక్కతే అంత ఊరు పెట్టింది. మగతోడు వెతుక్కునే పని లేదు కదా."

"మొగోళ్ళు లేని ఊరా?" సత్తెమ్మ నా వైపు చూసింది. "నన్ను గూడ అండ్లనే ఎయ్యి బిడ్డా. గీయన ఉన్నా లేనట్టే. నోట్లకెల్లి మాట రావాల్నంటే వరద రావాలె."

ఆ రోజు నుంచి పై దొన సత్తెమ్మది అయిపోయింది. నాకు అన్నం పెట్టి, "నేను మా ఊరికి పోయొస్తా" అని గుట్ట ఎక్కేది. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి గుండు మీద గట్లు పట్టుకుని పైకి పోయి, దొన పక్కన కూర్చుని, నీళ్ళలో ముఖం చూసుకుంటూ వాటితో ఏవేవో చెప్పుకునేది. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

కానీ ఆ ఊరికి ఒక కష్టం వచ్చిందని పిల్ల చెప్పింది. ఆమె వచ్చే ప్రతి వానాకాలానికీ పై దొన తల్లులు నీరసపడుతున్నాయి. వెనుక ఒకప్పుడు సంచి నిండా పిల్లలు ఉండేవి, ఇప్పుడు ఒకటో రెండో. తోక చివర ముల్లు నిటారుగా ఉండాల్సింది, వంకర తిరుగుతోంది. కూతుళ్ళది తల్లి కంటే వంకర.

"ఎందుకట్ల?" అన్నాను. నేను మాట్లాడేసరికి ఇద్దరూ నా వైపు తిరిగారు.

"తల్లి తనను చూసి తనలాంటిదాన్ని చేస్తుంది తాతా. చేసేటప్పుడు ఎక్కడో ఒక చిన్న తప్పు పడుతుంది. కూతురు ఆ తప్పును అలాగే ఉంచి తన కూతుర్ని చేస్తుంది. అక్కడ ఇంకో తప్పు కలుస్తుంది. తీసేయడానికి దారి లేదు, కలవడమే ఉంది. కింద దొనలో అలా కాదు. తల్లిది సగం, తండ్రిది సగం కలిసి పిల్ల పుడుతుంది. కొన్ని పిల్లలకు ఇద్దరి తప్పులూ వచ్చి పడతాయి, అవి బతకవు. కొన్నిటికి ఇద్దరి మంచీ వస్తుంది. అవి నిలబడతాయి. ఆ ఊరు అలా తనను తాను కడుక్కుంటూ ఉంటుంది."

నాకు మా నాయన గుర్తొచ్చాడు. కంచెలకు పాతే కడీ రాళ్ళు కొట్టే రోజుల్లో అన్నీ ఒకే పొడవు ఉండాలని మాకొక కొలత పుల్ల ఉండేది. అది విరిగితేనో పోతేనో దాన్ని చూసి ఇంకోటి కోసుకునేవాళ్ళం. దాన్ని చూసి మరోటి. ప్రతి పుల్లా వెంట్రుకంత తేడా పడేది. ఎవరి కంటికీ తెలిసేది కాదు. ఒక ఏడాది కంచె నిలబెడితే రాళ్ళు మెట్లు మెట్లుగా దిగిపోయి కనిపించాయి. నాయన ఇంటికి పోయి, చూరులో దోపి ఉన్న మొదటి పుల్ల తీసుకొచ్చాడు. మా తాత కోసిన చింత పుల్ల అది. పొగకు నల్లబడి ఉంది. మిగతా పుల్లలన్నీ పొయ్యిలో పెట్టాడు.

ఆ మాట పిల్లతో చెబుదామనుకున్నాను. నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

వరద వచ్చిన రోజు గుట్ట ఒక లంక అయింది. చుట్టూ రోడ్లు లేవు, ఎర్రటి నీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో భవనాలు తలకిందులుగా వేలాడాయి. కింద దొన నాలాలో కలిసిపోయింది. గదిలోకి నీళ్ళు వస్తే సత్తెమ్మనూ, బియ్యం డబ్బానూ గుండు నీడకు ఎక్కించి కూర్చున్నాను. నీళ్ళ మీద ఒక కారు మెల్లగా తిరుగుతూ, లోపల దీపం వెలుగుతూ, ఎటో పోయింది. అందులో మనుషులు లేరు. ఊరంతా ఏదో కలలో ఉన్నట్టు, ఆ కల మాది కానట్టు అనిపించింది.

నీళ్ళు తీశాక నీహారిక బురదలో చెప్పులు చేత పట్టుకుని వచ్చింది. పై దొన నుంచి ఒక సీసా, నాలా పక్కన మళ్ళీ తేరుకున్న కింద దొన నుంచి ఒక సీసా నింపింది. పచ్చళ్ళ సీసాలంత గాజు సీసాలు. యూనివర్సిటీ ఇంకా సగం మూతపడే ఉందనీ, ఇంట్లో వాళ్ళమ్మ జయంతి పురుగుల సీసాలు వంటగది దగ్గర పెట్టనివ్వదనీ చెప్పింది.

"ఇక్కడే పెడతాను తాతా. గుట్ట మీద ఉండే చల్లదనమే ఈ గదిలో కూడా ఉంది. రోజూ ఈ డబ్బాలోని పచ్చ నీళ్ళు, అంటే పాచి నీళ్ళు, ఒక మూతెడు పొయ్యాలి. అదే వాటి అన్నం."

"నేను పోస్త," అంది సత్తెమ్మ. "అన్నం పెట్టుడు నాకు రాదా ఏంది."

పిల్ల పై దొన సీసాకు ఎర్ర దారం, కింద దొన సీసాకు తెల్ల దారం కట్టి, కిటికీ గట్టున పక్కపక్కన పెట్టి వెళ్ళింది. పై దొన అడుగు మన్ను తీయడానికి పెద్ద పనిముట్లతో వారం తిరిగాక వస్తానంది.

ఆ వారం రాలేదు. వాళ్ళ నాన్నకు రోగం తగిలింది. తరువాత ఆమెకు. ఫోనులో గొంతు నూతిలోంచి వస్తున్నట్టుండేది. "సీసాలు జాగ్రత్త అవ్వా" అని మాత్రం అడిగేది.

ఈలోగా జాగా గొడవ తేలిపోయింది. వెంకటనారాయణ అనే సూపర్‌వైజర్ యంత్రం తోలుకుని వచ్చాడు. మంచివాడే.

"పెద్దాయనా, మీదున్న గుండు ముందు దించాలె. ఊగుతున్నదంట. మళ్ళ వానొస్తే ఎవ్వరి నెత్తిన పడ్తదో."

"ఊగదు," అన్నాను.

"నువ్వన్నవని రాసిస్తవా?" అని నవ్వాడు. అది నా గుట్ట కాదు.

యంత్రంతో బెజ్జాలు పెట్టారు. బెజ్జాల్లో మందు పోస్తే అది పొంగి, చప్పుడు లేకుండా గుండు చీలింది. మా కాలంలో సమ్మెట దెబ్బకు రాయి ఒక కేక పెట్టేది. ఇది అలా లేదు. నిద్రలో ఒత్తిగిలినట్టు రెండుగా విడిపోయింది. పై దొన నీళ్ళు రాతి చెంపల మీద జారి ఆరిపోయాయి. ఎదురెదురు అద్దాల్లో వరసగా ఉన్న గుండ్లన్నీ ఒకేసారి చీలాయి.

సత్తెమ్మ ఆ రోజు బయటికి రాలేదు. సాయంత్రం కిటికీ దగ్గర ఎర్ర దారం సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇగ ఊరు గీ సీసనే," అంది.

ఆ సీసా పలచబడుతూ వచ్చింది. పొద్దున ఎండ పడినప్పుడు తెల్ల దారం సీసాలో ధూళి ఆడినట్టు ప్రాణాలు గిరగిరా తిరిగేవి. ఎర్ర దారం సీసాలో ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. ఒక కుదుపు కుదిపి, కాసేపు కిందికి జారి, మళ్ళీ ఒక కుదుపు. సత్తెమ్మ సీసాను ఎండకు జరిపేది, నీడకు జరిపేది. పాట పాడేది. పచ్చ నీళ్ళు కొంచెం ఎక్కువే పోసేదేమో. నీహారికకు ఫోనులో మాత్రం "మంచిగున్నయ్ బిడ్డా, నువ్వు ఫికర్ చెయ్యకు, నువ్వు మంచిగ గావాలె" అని చెప్పేది.

ఒకరోజు లేచి చూస్తే ఎర్ర దారం సీసా కళకళలాడుతోంది. అడుగు నుంచి మూతి దాకా ప్రాణాలు. నేను చూపుడువేలు సీసాకు ఆనిస్తే అవి వేలి నీడ వెంట వచ్చాయి. సత్తెమ్మ నా వెనుక నిలబడి నవ్వుతోంది. నాకూ ముఖం విప్పారింది. ఎలా అయిందని అడగలేదు. మంచి జరిగినప్పుడు అడగడం నాకు అలవాటు లేదు.

చలి తగ్గే రోజుల్లో నీహారిక వచ్చింది. బైక్ ట్యాక్సీ దిగి గేటు దగ్గరే ఆగిపోయింది. గుట్ట ఉన్నచోట ఆకాశం ఉంది. సగం రాళ్ళను లారీలు తీసుకుపోయాయి, సగం వెనుక కుప్పగా పడి ఉన్నాయి. ఆమె చాలాసేపు పైకి చూసింది. తరువాత గదిలోకి వచ్చి ఎర్ర దారం సీసా చూసింది. చిక్కిపోయిన ముఖంలో ఒక్కసారిగా వెలుగు వచ్చింది.

"ఇన్నెలా అయ్యాయి అవ్వా? నాకు నమ్మబుద్ధి కావడం లేదు."

"నా చేతి గుణం," అంది సత్తెమ్మ. "నువ్వు ముందుగాల చాయ్ తాగు."

పిల్ల చాయ్ పక్కన పెట్టి, నూనె డబ్బా మీద యంత్రం నిలబెట్టి, ఒక చుక్క వేసి చూసింది. ఇంకో చుక్క. ఇంకోటి. చాయ్ మీద మీగడ కట్టింది. ఆమె ముఖంలో వెలుగు ఎంత మెల్లగా పోయిందంటే, ఎప్పుడు పోయిందో నేను చెప్పలేను.

"అవ్వా, ఇందులో మగవి ఉన్నాయి."

"ఉంటే?"

"ముళ్ళు కూడా నిటారుగా ఉన్నాయి. ఇవి కింద దొనవి." ఆమె తల ఎత్తలేదు. "ఈ సీసాలో ఏమైనా పోశారా?"

సత్తెమ్మ నా వైపు చూసింది, ఆమె వైపు చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తోడేసిన," అంది.

పిల్లకు అర్థం కాలేదు. సత్తెమ్మ మెల్లగా చెప్పింది. మా ఇళ్ళలో రోజూ ఇంటి తోడుతోనే పెరుగు వేస్తూ పోతే కొన్నాళ్ళకు తోడు మందగిస్తుంది. పెరుగు తీగ సాగుతుంది. అప్పుడు గిన్నె పట్టుకుని పక్కింటికి పోయి ఒక చెంచా తోడు తెచ్చుకుంటాం. ఆ ఒక్క చెంచాతో మళ్ళీ గడ్డ పెరుగు. పై దొన సీసా మందగించిందని సత్తెమ్మ తెల్ల దారం సీసా నుంచి ఒక చెంచా తీసి అందులో వేసింది.

"నువ్వే అన్నవ్ గద బిడ్డా, ఇద్దరు కలిస్తే మంచివి పుడ్తయని. కలుస్తయనుకున్న. మా ఊరు నిలుస్తదనుకున్న."

"అవి కలవవు అవ్వా." పిల్ల గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. "పై దొన తల్లులకు కలవడం పోయింది. మగవి పక్కనే ఉన్నా వాటికి పట్టదు. అవి అవే, ఇవి ఇవే. ఇవి బలమైనవి. ఉన్న అన్నం ఇవి తినేశాయి."

"అయితే మావి?"

పిల్ల మళ్ళీ యంత్రం మీదికి వంగింది. చుక్క తరువాత చుక్క వెతికింది. వంకర ముల్లు ఉన్నది ఒక్కటి దొరికినా చాలన్నట్టు వెతికింది. ఎండ కిటికీ గట్టు దిగి నేల మీదికి వచ్చింది. ఆఖరుకు నడుము నిలబెట్టి, చల్లారిన చాయ్ తాగింది.

"లేవు," అంది. "తప్పు మీది కాదు. కలపొద్దని నేను చెప్పలేదు."

సత్తెమ్మ ఏడవలేదు. "ఒక్కతే వచ్చి ఊరు పెట్టింది. నేను చెంచెడు చుట్టాలను దింపి ఆకలితో సంపిన," అంది. అని, రెండు చేతులూ చీర కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఇక ఆ చేతులు దేనికీ పనికిరావన్నట్టు.

పోయేముందు నీహారిక గేటు దగ్గర నా పక్కన నిలబడింది. తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది.

"కాస్త మన్ను తీసి ఉంటే బాగుండేది తాతా. దొన ఎండిపోయే ముందు తల్లులు గట్టి పెంకు గుడ్లు పెట్టి పోతాయి. అవి అడుగు మన్నులో ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. కిందికి పోయేకొద్దీ పాతవి. ఇన్ని తప్పులు పడకముందువి. తడి తగిలితే లేస్తాయి." కుప్ప వైపు చూసింది. "ఇప్పుడు దొన అడుగు ఏ ముక్కో, ఆ ముక్క ఏ లారీలో పోయిందో."

బైక్ ట్యాక్సీ ఎక్కి వెళ్ళిపోయింది. సంచిలో సీసా లేదు. రెండు సీసాలూ కిటికీలోనే ఉండిపోయాయి. ఇప్పుడు రెండిట్లోనూ ఒకటే ఊరు.

అదే సాయంత్రం వెంకటనారాయణ వచ్చి, "పెద్దాయనా, పొద్దుగాల లారీలొస్తయ్. గా కుప్ప మొత్తం క్రషర్‌కు పోతది, గేటు తీసి పెట్టు" అని చెప్పి పోయాడు.

సత్తెమ్మ అన్నం వండింది. పెరుగు మాత్రం వేసుకోలేదు. పాలు కాచి అలాగే వదిలేసింది. తోడు వేయమని నేను అనలేదు. నేనే వేద్దామంటే తోడు గిన్నె ఎక్కడుందో నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉండి ఆ సంగతి కూడా తెలియదా అనిపించింది.

తెల్లవారుజామున కల వచ్చింది. నేను ఒక గాజు తల్లి కడుపులో ఉన్నాను. ఆ తల్లి ఇంకో తల్లి కడుపులో ఉంది. ఆమె ఇంకొకతె కడుపులో. అద్దంలో అద్దంలా బయటికి, బయటికి, ఎంత దూరమో. బయటికి పోయేకొద్దీ తల్లులు నిటారుగా, తేటగా ఉన్నారు. వంకరంతా నా దగ్గరే ఉంది. అందరికన్నా బయట, వెలుతురు పడుతున్నచోట, ఎవరో చూరులో చెయ్యి పెట్టి ఏదో తీస్తున్నారు. మా నాయన చేతులవి. పొగ వాసన వచ్చింది. మెలకువ వచ్చింది.

ఆకాశం బూడిద రంగులో ఉంది. మంచం కింద ట్రంకుపెట్టె లాగి ఉలి, సుత్తి తీశాను. ఎన్నాళ్ళయిందో, ఉలి మొనకు తుప్పు పట్టింది. నేల మీద నాలుగు గీతలు గీస్తే మెరిసింది. బయటికి వచ్చాను.

కుప్ప పెద్దదే. కానీ ఆ గుండును నేను ప్రతి పొద్దూ కింద నుంచి చూసినవాణ్ణి. దొన అంచున ఎర్ర చార ఒకటి ఉండేది. సత్తెమ్మ ఎక్కేటప్పుడు చెయ్యి పెట్టేది అక్కడే. ముక్క తరువాత ముక్క దొర్లించాను. మంచు పట్టి రాళ్ళు తడిగా ఉన్నాయి. అద్దాల్లో నాలాంటి ముసలివాళ్ళు వరసగా వంగి, నాతోపాటే రాళ్ళు దొర్లిస్తున్నారు. దూరంగా ఉన్నవాళ్ళు మరీ మెల్లగా చేస్తున్నట్టు కనిపించింది.

గడ్డపార వేసి ఒక పలక లేపితే దాని అడుగున ఎర్ర చార కనిపించింది. రాయిని తిప్పాను. నున్నటి గుంట సగం మాత్రమే ఉంది. గుంటలో మన్ను రాలిపోయింది. వేళ్ళతో తడిమాను. ఏమీ తగల్లేదు. మళ్ళీ తడిమాను. గుంట అడుగున ఒక చీలిక ఉంది, వేలు పట్టనంత సన్నది. అందులో నల్లని మన్ను గట్టిపడి, పొర మీద పొర, రాయిలో రాయిగా ఉంది.

సుత్తి ఎత్తితే చెయ్యి వణికింది. దెబ్బ తప్పితే చీలిక పిండి అవుతుంది. రాయి మీద అరచెయ్యి ఆనించి, వణుకు ఆగేదాకా కూర్చున్నాను. తరువాత ఉలి పెట్టి, మెత్తగా, పిట్ట పొడిచినట్టు కొట్టాను. చుట్టూ గాడి తీసి చివరి దెబ్బ వేస్తే ముక్క విడివడింది. చంటిపిల్లంత బరువుంది. రెండు చేతులా ఎత్తుకుని గదికి తెచ్చాను.

సత్తెమ్మ లేచి గడపలో నిలబడి ఉంది. నా చేతుల్లో రాయిని చూసింది, ఎర్ర చారను చూసింది. రాయిని గడప పక్కన, పొద్దు తగిలేచోట, చీలిక పైకి వచ్చేలా ఆనించి పెట్టాను. డ్రమ్ములో వాన నీళ్ళు ఉన్నాయి. చెంబు ముంచి ఆమె వైపు చాపాను.

"నా చేతుల్తోని వద్దు," అంది.

"నువ్వే పొయ్యి," అన్నాను. "పాతవి. నిద్రల ఉన్నయ్. లేస్తయో లేవయో. లేస్తే నువ్వుండాలె గదా."

ఆమె కొంగులోంచి చేతులు తీసి చెంబు అందుకుంది. నీళ్ళు సన్నని ధారగా చీలికలోకి దిగుతుంటే మన్ను మెల్లగా మరింత నల్లబడింది, మెత్తబడింది. చిన్న బుడగ ఒకటి పైకి వచ్చి పగిలింది.

బయట లారీ హారన్ కొట్టింది. ఉలి తుడిచి జేబులో పెట్టుకుని, వెళ్ళి గేటు తీశాను.